క్యాన్సరు చికిత్సలో మాంసకృత్తుల సాక్ష్యము

భీమవరమున 1895లో జన్మించిన ఎల్లాప్రగడ సుబ్బారావుగారు చెన్నపురి వైద్యకళాశాలలో చదివి, 1923లో అమెరికా కేగిరి. వారి పర్యవేక్షణమున లెడర్లీ ప్రయోగశాలలో తయారైన అమినోప్టెరిన్ అను మందుచే కొందరు పిల్లలకు రక్తక్యాన్సరు తాత్కాలికముగా నుపశమించినదని 1948లో సిడ్నీ ఫార్బరు ప్రకటించెను. డాక్టరు ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికచే అడయారులో క్యాన్సరు ఇన్‌స్టిట్యూటు 1954లో వెలసినది. ఆ దినములలో ఏ మందు ఏ రోగికి పనిచేయునో ముందుగా తెలిసికొను సాధనములు మిక్కిలి తక్కువ. ఆ కొరతను నేడు కొంతవరకు తీర్చుచున్నవి మాంసకృత్తులు, అనగా ప్రోటీనులు.

కణములోని పనులను పెక్కింటిని నిర్వహించునవి ఇవియే. కణము రాచపుండుగా మారినపుడు వీనిలో కొన్ని మితిమీరును, కొన్ని లోపించును. ఈ మార్పును రక్తమునందు గాని, పుండునుండి తీసిన ముక్కకు రంగుపట్టించి సూక్ష్మదర్శినిలో గాని చూతురు. 1965లో గోల్డు, ఫ్రీడ్‌మన్ అనువారు పెద్దప్రేగు క్యాన్సరునందు కనుగొనిన సి.ఇ.ఎ. ఇట్టిది. శస్త్రచికిత్స పిమ్మట రక్తములో నిది మరల పెరిగినచో, వ్యాధి తిరుగబెట్టినదేమోయని వైద్యులు పరీక్షింతురు. అయితే పొగత్రాగువారిలోను ఇది హెచ్చుగా నుండవచ్చును. కావున దీనినొక్కదానినే నమ్మరాదు.

సూచకములు రెండు విధములు. వ్యాధిగతి యెట్లుండునో తెలుపునది మొదటిది. ఏ చికిత్స ఫలించునో తెలుపునది రెండవది. రొమ్ము క్యాన్సరులలో నూటికి 15 మొదలు 20 వరకు హెచ్చుగా కనబడు హెర్-2 తొలుత దుర్లక్షణముగానే యెంచబడెను. దానినే గురిచేసికొను ట్రాస్టుజుమాబ్ 1998లో అమెరికాలో అనుమతి పొందినపిమ్మట, ఆ దుర్లక్షణమే చికిత్సకు దారిచూపునదైనది.

ఇక రోగనిరోధక చికిత్స. మన రక్తములోని టి-కణములు కోటకావలివారివంటివి. వానిపై పి.డి.-1 అను మాంసకృత్తు కలదు. కొన్ని క్యాన్సరు కణములు పి.డి.-ఎల్.1 అనుదానిని దొంగముద్రికవలె చూపి, కావలివారిని నిలిపివేయును. ఈ బంధమును త్రెంచు మందులకు దారితీసిన పరిశోధనలకై హొంజోకును, సి.టి.ఎల్.ఎ.-4 అను మరియొక నిరోధమును గూర్చి కృషిచేసిన ఆలిసన్‌కును 2018లో నోబెల్ బహుమానము లభించినది. పుండులో పి.డి.-ఎల్.1 ఎక్కువగా నున్నచో పలు క్యాన్సరులలో ఈ మందులు ఫలించు అవకాశము హెచ్చు. అయినను ఇది తిరుగులేని సాక్ష్యము కాదు. అది యున్నను ఫలింపనివారు కలరు. లేకున్నను ఫలించినవారు కలరు.

ఈ మందులు సామాన్యునకు మోయరాని భారము. పొలమమ్మి కొనిన మందు పనిచేయనిచో ఆ కుటుంబము గతి యేమి? ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు తల, మెడ క్యాన్సరు రోగులకు నివోలుమాబును మూడు వారముల కొకసారి 20 మిల్లీగ్రాములు మాత్రమే ఇతర మందులతో చేర్చి యిచ్చి చూచిరి. ఏడాదికి జీవించియున్నవారు నూటికి 16 నుండి 43కు పెరిగిరని 2022లో ప్రకటించిరి. సాధారణముగా ఈ మందును రెండు వారముల కొకసారి 240 మిల్లీగ్రాములు ఇత్తురు.

కావున పాఠకులు గ్రహింపవలసిన దిది: ఖరీదైన చికిత్సకు పూనుకొనుటకు ముందు, "ఈ పుండున కేయే సూచకములను పరీక్షించితిరి? వాని ఫలిత మేమి?" అని వైద్యుని వినయముగా నడుగుడు. ఆ ప్రశ్న రోగి ప్రాణమునకును, ఇంటివారి ఆస్తికిని గూడ రక్షణ కాగలదు.