పేరు చెబితే నంబరు చెప్పే ఫైలు

ఆ రోజు ఆఫీసులో అందరికీ కొత్త వెబ్‌సైటు కనబడుతోంది, నాకొక్కడికే పాతది. బ్రౌజరు మార్చాను, కాష్ తుడిచాను, మెషీను ఆపి మళ్ళీ వేశాను. లాభం లేదు. నెట్‌వర్కు చూసే కుర్రాడు వచ్చి ఎన్‌ఎస్‌లుకప్ అనే కమాండు కొట్టి, "డీఎన్‌ఎస్ బాగానే ఉంది సార్, కొత్త అడ్రసే ఇస్తోంది" అన్నాడు. అదే పేరుకు పింగ్ కొడితే పాత అడ్రసు వచ్చింది. కంప్యూటరు ఒకటే, పేరూ ఒకటే, జవాబులు మాత్రం రెండు. గంటన్నర తల పట్టుకున్నాక గుర్తొచ్చింది. ఆర్నెల్ల కిందట ఏదో పరీక్ష కోసం హోస్ట్స్ అనే ఫైల్లో ఒక లైను రాసుకుని చెరపడం మరిచింది నేనే.

విండోస్‌లో ఆ ఫైలు సీ డ్రైవులో విండోస్, సిస్టమ్32, డ్రైవర్స్ దాటాక ఈటీసీ అనే ఫోల్డర్లో ఉంటుంది. ఈటీసీ అన్నది యూనిక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళ పేరు. విండోస్ దాన్ని అరువు తెచ్చుకుని అలాగే ఉంచేసింది. తెరిస్తే పైన హ్యాష్ గుర్తులతో కొన్ని వ్యాఖ్యలు, 1993–2009 అని కాపీరైటు, ఎలా రాయాలో చూపడానికి రైనో.ఆక్మే.కామ్ అని ఓ ఉత్తుత్తి ఖడ్గమృగం. పద్ధతి ఒక్క ముక్కలో చెప్పేయొచ్చు: ఎడమవైపు నంబరు (అదే అడ్రసు), కుడివైపు పేరు. ల్యాండ్‌లైన్ రోజుల్లో ఫోను పక్కన గోడ మీద పెన్సిలుతో రాసుకున్న నంబర్ల లాంటిదే ఇది కూడా. కాకపోతే ఒకప్పుడు నెట్‌వర్కు మొత్తానికీ ఇలాంటి గోడ ఒక్కటే ఉండేది.

1970ల మొదట్లో అమెరికా రక్షణశాఖ డబ్బుతో నడిచిన ఆర్పానెట్ అనే నెట్‌వర్కులో ప్రతి కేంద్రమూ తన జాబితా తనే రాసుకునేది. ఒకరి జాబితా ఇంకొకరితో కలిసేది కాదు, పైగా చాలావరకు పాతబడినవే. ఈ గందరగోళానికి ఇకనైనా స్వస్తి చెప్పాలని 1973 డిసెంబరులో పీటర్ డాయిచ్ అనే ప్రోగ్రామరు ఒక నోటు రాశాడు. మరుసటి ఏడాది కాలిఫోర్నియాలోని మెన్లో పార్కులో, స్టాన్‌ఫర్డ్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ దగ్గర, అధికారిక జాబితా ఒకటి వెలిసింది. దాని పేరు హోస్ట్స్.టీఎక్స్‌టీ. చివర ఉన్న టీఎక్స్‌టీని గుర్తుంచుకోండి, దానితో మళ్ళీ పనుంది.

ఆ జాబితాను చూసుకున్న అక్కడి నెట్‌వర్క్ సమాచార కేంద్రానికి అధిపతి ఎలిజబెత్ ఫైన్లర్. అందరూ జేక్ అని పిలిచేవారు. ఆవిడ చదివింది రసాయనశాస్త్రం. రసాయన సమ్మేళనాల సమాచారాన్ని సూచికల్లోకి ఎక్కించే పని చేసి వచ్చిన మనిషి కాబట్టి, వేల పేర్లను తికమక పడకుండా సర్దడం ఆవిడకు కొత్త కాదు. కొత్త కంప్యూటరు నెట్‌వర్కులో చేరిందా, మెన్లో పార్కుకు కబురు పెట్టాలి. వాళ్ళు లైను చేర్చి ఫైలు పెడితే, మిగతా వాళ్ళు దాన్ని దించుకోవాలి. ఇంటర్నెట్ చరిత్రలో మనం ప్రోటోకాల్స్ రాసిన మగవాళ్ళ పేర్లే ఎక్కువ వల్లిస్తాం. పదిహేనేళ్ళు ఆ పట్టీని చూసుకున్న ఈవిడను తలిచేవాళ్ళు తక్కువ.

కంప్యూటర్లు వందల్లో ఉన్నంతకాలం బండి నడిచింది. పెరిగేకొద్దీ ఫైలు దించుకునే రద్దీ ఆ ఒక్క యంత్రం మీద పడింది. అందరికీ చేరేలోపే అది పాతబడేది. రెండు చోట్ల ఒకే పేరు పెట్టుకుంటే తగాదా. దీనికి మందుగా అప్పటికే వచ్చిన ప్రతిపాదనలను చూసి మధ్యేమార్గం చెప్పే పనిని, నెట్‌వర్కు ప్రమాణపత్రాల సంపాదకుడు జాన్ పోస్టెల్, దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు పరిశోధన సంస్థలో పనిచేసే పాల్ మొకపెట్రిస్‌కు అప్పగించాడు. మొకపెట్రిస్ వాటిని పక్కన పెట్టి తన పథకమే తయారుచేశాడు. 1983 నవంబరులో ఆర్‌ఎఫ్‌సీ 882, 883 అనే ప్రమాణపత్రాలుగా అది బయటికొచ్చింది. అదే డీఎన్‌ఎస్, అంటే డొమైన్ నేమ్ సిస్టమ్. పట్టీ అంతా ఒక్కచోట ఉండదు, ఎవరి పేర్ల పేట వాళ్ళే చూసుకుంటారు. పైవాళ్ళకు కిందివాళ్ళ ఇల్లెక్కడో తెలిస్తే చాలు. బర్క్లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో నలుగురు పరిశోధక విద్యార్థులు దీన్ని యూనిక్స్ కోసం బైండ్ అనే ప్రోగ్రాముగా రాశారు. 1985 మార్చి 15న సింబాలిక్స్.కామ్ నమోదైంది, డాట్ కామ్‌లలో మొదటిది అదే.

ఇంత జరిగాక హోస్ట్స్ ఫైలు చచ్చిపోవాలి. చావలేదు. ఎందుకో తెలియాలంటే కంప్యూటరు లోపలికి వెళ్ళాలి.

ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ కెర్నల్. దానికి మాత్రం పేర్లు తెలియవు. ప్యాకెట్ పంపమంటే నంబరు ఇవ్వమంటుంది, అంతే. పేరును నంబరుగా మార్చే పని ప్రోగ్రాములు పిలుచుకునే లైబ్రరీది. 1983లో వచ్చిన 4.2 బీఎస్‌డీ యూనిక్స్‌లో ఆ పనికి గెట్‌హోస్ట్‌బైనేమ్ అనే ఫంక్షను ఉండేది. పేరిస్తే హోస్ట్స్ ఫైలు తెరిచి నంబరు తెచ్చేది. డీఎన్‌ఎస్ వచ్చాక ఫంక్షను పేరు మార్చలేదు, లోపలి పనితీరు మార్చారు. పిలిచే ప్రోగ్రాముకు జవాబు ఫైల్లోంచి వచ్చిందా, సముద్రాల అవతలి నుంచి వచ్చిందా అన్నది తెలియనే తెలియదు. ఇప్పుడు ఆ పని గెట్‌యాడర్‌ఇన్ఫో అనే దాని వారసుడు చేస్తున్నాడు, ఐపీవీ6 అనే కొత్తరకం అడ్రసులు కూడా తెచ్చిపెడతాడు.

ముందు ఎవర్ని అడగాలన్న పేచీ మాత్రం మిగిలింది. సన్ కంపెనీ వాళ్ళు తమ యూనిక్స్ అయిన సోలారిస్‌లో దీన్నొక చిట్టీగా రాసిపెట్టారు. లినక్స్ కూడా అదే దారి పట్టింది. ఎన్‌ఎస్‌స్విచ్ అనే ఆ చిట్టీలో హోస్ట్స్ అన్న లైను దగ్గర మామూలుగా ముందు ఫైల్స్, తర్వాత డీఎన్‌ఎస్ అని ఉంటుంది. అంటే ముందు ఇంట్లో గోడ చూడు, లేకపోతేనే బయటికెళ్ళు అని. విండోస్‌లోనూ అంతే, హోస్ట్స్‌లోని లైన్లు ముందుగానే దాని కాష్‌లోకి ఎక్కి కూర్చుంటాయి.

ఎన్‌ఎస్‌లుకప్‌కు ఈ వరస పట్టదు. అది నేరుగా డీఎన్‌ఎస్ సర్వరునే అడుగుతుంది. పింగూ, బ్రౌజరూ మాత్రం ఇంటి గోడ చూసి వెళ్తాయి. మా కుర్రాడు చెప్పిందీ నిజమే, నా స్క్రీను చూపిందీ నిజమే.

బయటికెళ్ళినా మన ఆపరేటింగ్ సిస్టమ్ పెద్దగా కష్టపడదు. అన్నిటికీ పైనుండే రూట్ సర్వరును అడిగి, తర్వాత డాట్ కామ్ వాళ్ళను, ఆపైన అసలు యజమానిని అడిగే తిరుగుడంతా వేరే సర్వరు నెత్తిన వేసి, తను 53వ పోర్టుకు ఒక్క ప్రశ్న పంపి కూర్చుంటుంది. లినక్స్‌లో మామూలుగా అయిదు సెకన్లు చూసి మళ్ళీ అడుగుతుంది. పేజీ సరిగ్గా అయిదు సెకన్లు బిగుసుకుపోయి తర్వాత టక్కున తెరుచుకుంటే, చాలాసార్లు మొదటి సర్వరు పలకలేదన్నమాట. 'నెట్ స్లో' అని మనం తిట్టుకునే వాటిలో ఇదొకటి.

ఈ పేర్ల విషయంలో మన లిపి సంగతి ఒకటి. 2011లో మన దేశానికి దక్కిన భారతీయ భాషల డొమైన్లలో తెలుగులో '.భారత్' కూడా ఉంది. అయితే డీఎన్‌ఎస్‌లో పేర్లు ఆంగ్ల అక్షరాలు, అంకెలు, అడ్డగీతతోనే నడుస్తాయి. అందుకని బ్రౌజరు దాన్ని ప్యూనీకోడ్ అనే రాతలోకి మార్చి, ఎక్స్‌ఎన్, రెండు అడ్డగీతలు, ఆపైన ఎఫ్‌పీసీఆర్‌జే9సీ3డీ అని పంపుతుంది. చదవడానికి బండి నంబరు ప్లేటులా ఉంటుంది గానీ, అది మన భారతే.

మళ్ళీ హోస్ట్స్ ఫైలు దగ్గరికొస్తే, దాని మాట అందరికంటే ముందు చెల్లుతుందని దొంగలకూ తెలుసు. 2004 జనవరిలో వచ్చిన మైడూమ్-బి అనే వైరస్ హోస్ట్స్‌ను తిరగరాసి, సోకిన కంప్యూటర్లు యాంటీవైరస్ సైట్ల మొహం చూడకుండా చేసింది. అదే కిటుకుతో ప్రకటనల సైట్లను ఎక్కడికీ చేరని 0.0.0.0కు తోసేసి ప్రశాంతంగా బతుకుతున్నవాళ్ళూ ఉన్నారు. ఇప్పుడు బ్రౌజర్లు సిస్టమ్‌ను దాటేసి, డీఎన్‌ఎస్ ప్రశ్నలను తామే గుప్తంగా హెచ్‌టీటీపీఎస్‌లో పంపడం నేర్చాయి. అలా పంపేటప్పుడు కూడా ఫైర్‌ఫాక్స్ మామూలు సెట్టింగుల్లో హోస్ట్స్‌లో ఉన్న పేర్ల జోలికి పోదు.

కాబట్టి, అందరికీ తెరుచుకునే సైటు మీకొక్కరికే మొరాయిస్తే, ఇంటర్నెట్ కంపెనీకి ఫోను చేసేముందు ఆ ఫైలు ఒకసారి తెరిచి చూడండి. హ్యాష్ లేకుండా మీరు రాసి మరిచిన లైనేదైనా ఉంటే తీసేయండి. విండోస్‌లో నోట్‌ప్యాడ్‌ను అడ్మినిస్ట్రేటరుగా తెరిస్తేనే సేవ్ అవుతుంది. అప్పుడు కూడా అది చివర టీఎక్స్‌టీ తగిలించకుండా చూసుకోండి. 1974లో నెట్‌వర్కు అంతటినీ నడిపిన పేరు అదే, కానీ ఈనాటి విండోస్ ఆ పేరున్న ఫైలును పట్టించుకోదు.