షరతుతో కూడిన సంభావ్యత - సాధారణ దోషాలు

ఒక ఘటన జరిగిందని తెలిసిన తరువాత మరొక ఘటన జరగడానికి గల సంభావ్యతను షరతుతో కూడిన సంభావ్యత అంటారు. గణితంలో విద్యార్థులే కాక వైద్యులు, న్యాయవాదులు సైతం పొరబడే అంశాలలో ఇది ఒకటి. ఈ పొరపాట్లలో ముఖ్యమైనవి కొన్ని ఇక్కడ వివరించబడినవి.

షరతును తారుమారు చేయడం

"క జరిగితే ఖ జరిగే సంభావ్యత", "ఖ జరిగితే క జరిగే సంభావ్యత" ఒకటి కావు. వర్షం కురుస్తుంటే ఆకాశంలో మబ్బులు ఉండి తీరతాయి. కాని మబ్బులు ఉన్నంత మాత్రాన వర్షం కురవాలని లేదు.

మూల నిష్పత్తిని విస్మరించడం

ఒక వ్యాధి నూటికి ఒకరికి ఉన్నదనుకుందాం. దాని పరీక్ష, వ్యాధి ఉన్నవారిలో 99 శాతం మందిని గుర్తిస్తుంది. వ్యాధి లేనివారిలో 5 శాతం మందికి కూడా ఉన్నట్లు పొరపాటుగా చూపుతుంది. పరీక్షలో వ్యాధి ఉన్నట్లు తేలిన వ్యక్తికి నిజంగా వ్యాధి ఉండే సంభావ్యత ఎంత? చాలామంది 99 శాతం అంటారు. 10,000 మందిని తీసుకొని లెక్కిద్దాం.

* వ్యాధి ఉన్నవారు 100 మంది. వీరిలో పరీక్ష గుర్తించేది 99 మందిని.
* వ్యాధి లేనివారు 9,900 మంది. వీరిలో పొరపాటుగా తేలేది 495 మంది.
* వ్యాధి ఉన్నట్లు తేలినవారు మొత్తం 594 మంది.

కావున కావలసిన సంభావ్యత 99/594, అనగా 1/6 మాత్రమే. ఆరోగ్యవంతుల సంఖ్య చాలా ఎక్కువ కావడమే ఇందుకు కారణం.

సమసంభవం కానివాటిని సమసంభవాలుగా భావించడం

ఫ్రెంచి గణితవేత్త జోసెఫ్ బెర్ట్రాండ్ 1889లో ఇచ్చిన సమస్య ఇది. మూడు పెట్టెలలో ఒకదానిలో రెండు బంగారు నాణేలు, మరొకదానిలో రెండు వెండి నాణేలు, మూడవదానిలో ఒక్కొక్కటి ఉన్నాయి. చూడకుండా ఒక పెట్టె ఎన్నుకొని ఒక నాణెం తీయగా అది బంగారు నాణెం. అదే పెట్టెలోని రెండవ నాణెం కూడా బంగారమయ్యే సంభావ్యత 1/2 అనిపిస్తుంది. కాని చేతికి వచ్చినది మూడు బంగారు నాణేలలో ఏదైనా కావచ్చు. వాటిలో రెండు మొదటి పెట్టెలోవే. కావున సమాధానం 2/3.

న్యాయస్థానంలో

ఇంగ్లండులో శాలీ క్లార్క్ అనే మహిళ ఇద్దరు శిశువులు 1996లో ఒకరు, 1998లో మరొకరు ఆకస్మికంగా మరణించారు. ఆమెపై హత్యానేరం మోపబడింది. అటువంటి కుటుంబంలో ఒక శిశువు ఆకస్మిక మరణానికి సంభావ్యత 1/8,543 అనీ, ఇద్దరికీ అలా జరగడానికి సుమారు 7.3 కోట్లలో 1 వంతు అనీ ఒక వైద్య నిపుణుడు సాక్ష్యం చెప్పాడు. 1999లో ఆమెకు యావజ్జీవ శిక్ష పడింది.

ఇందులో రెండు దోషాలున్నాయి. ఒకే కుటుంబంలోని పిల్లలకు వంశపారంపర్య, పరిసర కారణాలు ఉమ్మడిగా ఉండవచ్చు. కావున ఆ రెండు మరణాలను స్వతంత్ర ఘటనలుగా భావించి సంభావ్యతలను గుణించరాదు. ఇక రెండవది, అంత అరుదైన సంఖ్యను ఆమె నిర్దోషి అయ్యే సంభావ్యతగా భావించడం. తల్లే ఇద్దరు బిడ్డలను చంపడం కూడా మిక్కిలి అరుదు. ఈ రెండు అరుదైన కారణాలను ఒకదానితో ఒకటి పోల్చిన తరువాతనే ఏదైనా చెప్పగలం. 2001లో రాయల్ స్టాటిస్టికల్ సొసైటీ ఈ లెక్కను బహిరంగంగా తప్పుపట్టింది. అంతకుముందు వెల్లడించని వైద్య పరీక్షల ఫలితాలు బయటపడిన పిమ్మట 2003లో అప్పీలు న్యాయస్థానం శిక్షను రద్దు చేసింది. అప్పటికి ఆమె మూడేళ్ళకు పైగా కారాగారంలో గడిపింది. 2007లో మరణించింది.

దోషాలను నివారించే పద్ధతి

శాతాలకు బదులు మనుషుల సంఖ్యతో లెక్కించడం మేలు. "ఎంతమందిలో?" అనే ప్రశ్నకు ముందుగా సమాధానం రాసుకుంటే షరతు ఏదో స్పష్టమవుతుంది. హారం సరిగా నిర్ణయించిన తరువాత లవాన్ని లెక్కించడం కష్టం కాదు.