కొండవీటికి దారి చూపే కవి

మార్టూరు దగ్గర జాతీయ రహదారి మీద నిలబడితే మూడు వైపులా రెడ్డిరాజుల ఊళ్లే. నైరుతిన, గుండ్లకమ్మ ఒడ్డున అద్దంకి. ప్రోలయ వేమారెడ్డి తొలి రాజధాని అదే. ఎర్రాప్రగడ తన హరివంశాన్ని అంకితమిచ్చింది ఆయనకే. ఆగ్నేయాన, సముద్రం పక్కన మోటుపల్లి రేవు. ఉత్తరాన, చిలకలూరిపేట దాటి మిరప చేలూ పత్తి చేలూ గడిచాక కొండవీడు. వేమారెడ్డి కొడుకు అనవోతారెడ్డి రాజధానిని అద్దంకి నుంచి ఈ కొండల మీదికి మార్చాడు. ఆ తర్వాత సుమారు ఏడు దశాబ్దాలు తెలుగు తీరంలో పెద్ద దర్బారు ఇదే.

ఇప్పుడు కొండ మీదికి ఘాట్ రోడ్డు ఉంది. పైకి వెళితే కోటగోడలు, బురుజులు, కొలేపల్లి దర్వాజా, నాదెళ్ల దర్వాజా, ఒకదాని నీళ్లు మరొకదానిలోకి దిగేలా అమర్చిన మూడు చెరువులు కనిపిస్తాయి. ముత్యాలమ్మ చెరువు, పుట్టాలమ్మ చెరువు, వెదుళ్ల చెరువు అని వాటి పేర్లు. నగరం మాత్రం కనిపించదు. అంగళ్లు ఎక్కడ, నాట్యశాల ఎక్కడ, వసంతోత్సవం నాడు గంధం చల్లుకున్న వీధి ఎక్కడ? రాళ్లు చెప్పలేని ఈ సంగతులు శ్రీనాథుణ్ణి అడగాలి.

పెదకోమటి వేమారెడ్డి (1402–1420) కొలువులో శ్రీనాథుడు విద్యాధికారి. పండితులను పరీక్షించడం, రాజు తరఫున శాసనాలకు శ్లోకాలు కూర్చడం ఆ ఉద్యోగంలో భాగం. శృంగార నైషధాన్ని ఆయన అంకితమిచ్చింది ఈ రాజుగారి మంత్రి మామిడి సింగనకే. కొండవీట్లో ఆయన అతిథికవి కాదు, బాధ్యతలున్న అధికారి. అందుకే ఆయన వెంట నడిస్తే నగరం లోపలి నుంచి కనిపిస్తుంది.

మొదట నీళ్ల దగ్గరికి వెళ్లాలి. ఈ కొండల కింద నీటికి ఎంత కటకటో, ఎక్కడ పొడవైన వరస కనిపించినా తెలుగువాళ్లు తలచుకునే కొండవీటి చాంతాడే చెబుతుంది. పెదకోమటి వేముడి రాణి సూరాంబ సంతానసాగరమనే పెద్ద చెరువు తవ్వించింది. ఆ సంగతి చెప్పే 1409 నాటి శాసనం ఫిరంగిపురంలో దొరికింది. సంస్కృత శ్లోకాల ఆ శాసనాన్ని కూర్చింది విద్యాధికారి శ్రీనాథుడని అందులోనే ఉంది. తర్వాత యువరాజు రాచవేముడు ఆ చెరువుకు నీరందేలా జగనొబ్బగండ కాలువ తవ్వించాడు. అప్పట్లో ఒక చెరువుకు ఆనకట్ట ఎంత అవసరమో దాన్ని నిలబెట్టే కీర్తీ అంత అవసరం. రాణి నీళ్లిచ్చింది, కవి మాటిచ్చాడు. శ్రీనాథుడి కావ్యాలు చదివినవాళ్లు కూడా ఈ శాసనం దగ్గర ఆగరు. కవి సంతకమున్న రాయి మన జిల్లాల్లో ఎన్ని ఉన్నాయి?

ఇక అంగళ్లు. హరవిలాసాన్ని శ్రీనాథుడు రాజుకు కాక ఒక వర్తకుడికి అంకితమిచ్చాడు. ఆయన పేరు అవచి తిప్పయసెట్టి, కవికి చిన్ననాటి నేస్తం. పెదకోమటి వేముడికి ముందు కొండవీటిని ఏలిన కుమారగిరిరెడ్డి ఏటేటా జరిపిన వసంతోత్సవాలకు సుగంధద్రవ్యాలు సమకూర్చింది ఈ కుటుంబమే. వీళ్లు ఏ సరుకు ఎక్కడి నుంచి తెప్పించేవారో కావ్యం మొదట్లో ఒక సీసపద్యం వరసగా చెబుతుంది. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, భోట దేశం నుంచి కస్తూరి, చీనా నుంచి పట్టుబట్టలు. హురుముంజి అంటే పర్షియా సింధుశాఖ ముఖద్వారంలోని హోర్ముజ్. పద్యంలోని ఓడలకు రేవు చూడాలంటే మోటుపల్లి పోవాలి. అక్కడికొచ్చే వర్తకులకు రాయితీలు ప్రకటిస్తూ 1358లో అనవోతారెడ్డి వేయించిన శాసనం ఆ ఊళ్లోనే ఉంది. శాసనాన్నీ పద్యాన్నీ పక్కపక్కన పెట్టి చదివితే చరిత్ర పాఠంలోని ‘విదేశీ వాణిజ్యం’ అనే పొడిమాటకు వాసన, రంగు వస్తాయి.

రాచవేముడితో కొండవీటి రెడ్ల ఏలుబడి ముగిసింది. పురిటి మీద కూడా సుంకం వేశాడని, అందుకే సవరం ఎల్లయ్య అనే బంటు పొడిచి చంపాడని జనం చెప్పుకునే కథ. శ్రీనాథుడు ఊరు విడిచాడు. విజయనగరంలో ఆస్థాన పండితుడు డిండిమభట్టును వాదంలో ఓడించి కనకాభిషేకం పొందాడు. రాజమహేంద్రవరంలో వీరభద్రారెడ్డికి కాశీఖండం అంకితమిచ్చాడు. పరాయి దర్బారులో మీ ఊరేదని అడిగితే కొండవీటిని ఆకాశానికెత్తుతూ చెప్పాడనే సీసపద్యం నేటికీ జనం నోట ఉంది. చాటువులకు సాక్ష్యబలం తక్కువే, ఎవరు ఎప్పుడు చెప్పారో తేల్చడం కష్టం. అయినా ఊరు వదిలిన కవి నోట ఆ ఊరి పేరు పెట్టి, అయిదారు వందల ఏళ్లు జనం దాన్ని మోసుకొచ్చారు.

ఇటలీలోని ఫ్లోరెన్స్ 1302లో తన కవి డాంటేను వెలివేసింది. ఇప్పుడు ఆయన కావ్యపంక్తులు చెక్కిన పలకలు ఆ నగరపు గోడల మీద, ఆయా సంగతులకు సంబంధించిన చోట్లలోనే ఉన్నాయి. అలాంటివి కొండవీటికీ కావాలి. సంతానసాగరం దగ్గర శాసన శ్లోకమూ దాని తెలుగు తాత్పర్యమూ, కోట ద్వారం పక్కన ఆ చాటుపద్యమూ, మోటుపల్లిలో హరవిలాసం సీసమూ నిలబెట్టాలి. గ్రానైటు కోసి నునుపు చేసే యూనిట్లు మార్టూరు చుట్టూనే ఉన్నాయి.