బూడిద, పుర్రెలు, వేడినీటి బాక్టీరియా

ఏదైనా విశ్వవిద్యాలయం స్నాతకోత్సవం జరిగినప్పుడు పీహెచ్‌డీ పట్టాల జాబితా ఒకసారి చదివి చూడండి. ఒకరు వరి తెగులు మీద, మరొకరు పెళ్లిపాటల మీద, ఇంకొకరు నక్షత్రాల మధ్య ధూళి మీద, వేరొకరు చేనేత సంఘాల అప్పుల మీద ఏళ్ల తరబడి పని చేసి ఉంటారు. ఒకదానికొకటి పొంతన లేని ఈ అంశాలు చూడగానే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "ఇవన్నీ దేనికి?" అడగడంలో తప్పేమీ లేదు. చిక్కల్లా, జవాబు ముందే తేల్చేసుకుని అడగడంతోనే. పిల్లలు ఏం చదవాలి, ప్రభుత్వం దేనికి డబ్బివ్వాలి అన్న నిర్ణయాలు కూడా ఆ ముందస్తు జవాబుల మీదే నడుస్తున్నాయి. అందుకే వాటిని కాస్త నిదానంగా పరిశీలించాలి.

అపోహ: పరిశోధన అంటే ప్రయోగశాలలో జరిగేదే. భాష, చరిత్ర, సమాజం మీద రాసేవన్నీ ఎవరి అభిప్రాయం వాళ్లు రాసుకున్నవే.

వాస్తవం: 1962లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ 'మాండలిక వృత్తి పదకోశం' మొదటి సంపుటాన్ని వెలువరించింది. విషయం వ్యవసాయం, సంపాదకుడు భద్రిరాజు కృష్ణమూర్తి. ఏ జిల్లా రైతు ఏ పనిముట్టును ఏమంటాడో ఊళ్లకు వెళ్లి, అడిగి, రాసుకుని కూర్చిన పుస్తకం అది. ఒకచోట నాగలి అన్నదాన్ని రాయలసీమలో మడక అంటారని మనకు స్థూలంగా తెలుసు. ఆ మాట ఏ ఊరి దగ్గర ఆగిపోతుంది, అక్కడి నుంచి ఏది మొదలవుతుంది అన్నది మాత్రం ఇంట్లో కూర్చుని ఊహిస్తే తేలదు. అలా పోగైన మాటల ఆధారంగానే కృష్ణమూర్తి తెలుగును నాలుగు మాండలిక మండలాలుగా విభజించారు. నమ్మకం కుదరనివాళ్లు అవే ఊళ్లకు వెళ్లి, అవే ప్రశ్నలు అడిగి సరిచూసుకోవచ్చు. ప్రయోగశాలలో పనిచేసే రసాయన శాస్త్రజ్ఞుడి నుంచి మనం ఆశించేది కూడా ఇదే. పరికరాలు వేరు కావచ్చు, ఆధారం చూపాల్సిన బాధ్యత ఇద్దరికీ సమానం.

అపోహ: ఒక శాఖ వాళ్లకు మరో శాఖతో పని లేదు.

వాస్తవం: నాకు అన్నింటికన్నా బాధ కలిగించే అపోహ ఇది. పదో తరగతి దాటగానే పిల్లల్ని ఎంపీసీ, బైపీసీ, సీఈసీ అని గదులుగా విడదీసేది మనమే. జ్ఞానం కూడా అలాగే గదులుగా ఉంటుందని వాళ్లు నమ్మేది అక్కడి నుంచే.

కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో ప్రశాంతచంద్ర మహలనోబిస్ భౌతికశాస్త్రం బోధించేవారు. 1920లో నాగపూర్‌లో జరిగిన సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రజ్ఞుడు నెల్సన్ అనాండేల్ ఆయన్ని కలిసి, కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలు చేతికిచ్చి విశ్లేషించమని కోరారు. ఎత్తు, తల పొడవు, ముక్కు వెడల్పు వంటి కొలతలు ఒకదాని మీద ఒకటి ఆధారపడి ఉంటాయి. ఎత్తుగా ఉన్న మనిషికి తల కూడా పెద్దదయ్యే అవకాశం ఎక్కువ. కాబట్టి వాటిని విడివిడిగా లెక్కించి రెండు సమూహాల మధ్య తేడా ఇంత అని చెప్పడం సరికాదు. ఆ ఇబ్బందిని దాటడానికి ఆయన చేసిన కృషి నుంచి పుట్టిందే 'మహలనోబిస్ దూరం'. దాని పూర్తి రూపం 1936లో వెలువడింది. ఉపగ్రహ చిత్రాల్లో ఏది పొలమో ఏది అడవో విడదీయడానికీ, రాశులకొద్దీ సమాచారంలో తేడాగా ఉన్న అంకెను పట్టుకోవడానికీ నేటికీ దాన్ని వాడుతున్నారు.

కథ అక్కడితో ఆగలేదు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అదే సి.ఆర్.రావు, మహలనోబిస్ స్థాపించిన ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో 1941లో చేరారు. 1946లో కేంబ్రిడ్జి వెళ్లారు. అక్కడ ఆయనకు అప్పగించిన పని ఏమిటో తెలుసా? సూడాన్‌లోని జెబెల్ మోయా అనే చోట తవ్వకాల్లో దొరికిన పాత అస్థిపంజరాల కొలతలను విశ్లేషించడం! పురావస్తు, మానవశాస్త్ర మ్యూజియంలో ఆ పని చేస్తూనే గణాంకశాస్త్రజ్ఞుడు రొనాల్డ్ ఫిషర్ దగ్గర 1948లో డాక్టరేట్ పూర్తిచేశారు. గణాంకశాస్త్ర పాఠ్యపుస్తకాల్లో స్థిరపడిన కొన్ని పద్ధతులు ఆ ఎముకల ప్రశ్నలకు జవాబు వెతుకుతూ పదునెక్కినవే. 2023లో ఆయనకు అంతర్జాతీయ గణాంకశాస్త్ర బహుమతి వచ్చింది. ఆ ఏడాదే, నూటరెండేళ్ల వయసులో కన్నుమూశారు. మన ఇళ్లలో లెక్కలు బాగా వచ్చిన పిల్లవాడు పుర్రెలు కొలవడానికి వెళ్తానంటే ఎవరైనా ఒప్పుకుంటారా?

మరో ఉదాహరణ చూడండి. నంద్యాల జిల్లాలోని జ్వాలాపురం దగ్గర, జుర్రేరు లోయలో, మట్టి పొరల మధ్య తెల్లటి బూడిద మేటలున్నాయి. ఆ బూడిద అక్కడిది కాదు. సుమారు 74,000 ఏళ్ల కిందట రెండున్నర వేల కిలోమీటర్లకు పైగా దూరంలో, సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు ఎగిరివచ్చి పడింది. అది టోబా బూడిదేనని తేల్చింది రసాయన విశ్లేషణ. దాని పైనా కిందా ఉన్న మట్టి వయసు చెప్పింది భౌతికశాస్త్రం. ఇసుక రేణువు చివరిసారి ఎండ చూసి ఎన్నేళ్లయిందో, అందులో నిలవైన శక్తిని వెలుగుగా బయటికి రప్పించి లెక్కగట్టే పద్ధతి ఉంది. ఇక ఆ పొరల్లో దొరికిన రాతి పనిముట్లను చదివింది పురావస్తు శాస్త్రజ్ఞులు. మైకేల్ పెట్రాగ్లియా, రవి కోరిశెట్టర్ తదితరులు 2007లో 'సైన్స్' పత్రికలో చెప్పింది ఇదీ: బూడిద కింది పొరలోని పనిముట్లకూ పై పొరలోని పనిముట్లకూ బాగా పోలిక ఉంది, అంటే అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఇక్కడ మనుషుల జీవనం కొనసాగింది. ఆ మనుషులు మనలాంటివాళ్లా, అంతకు ముందటి మానవజాతివాళ్లా అన్నదానిపై వాదం ఇంకా తెగలేదు. ఆ పొరల్లో మనుషుల ఎముకలు దొరకలేదు, రాతి పనిముట్లే దొరికాయి. ఇందులో ఏ ఒక్క శాఖను పక్కన పెట్టినా మిగిలేది గుర్తుతెలియని బూడిద గుట్టే.

భాషల మీద పరిశోధన కూడా ఈ దారిలోకి వచ్చింది. జీవుల వంశవృక్షాలు గీయడానికి జీవశాస్త్రజ్ఞులు వాడే గణన పద్ధతితో ఇరవై ద్రావిడ భాషల పదాలను పోల్చి, ఈ కుటుంబం వయసు సుమారు 4,500 ఏళ్లని 2018లో ఒక బృందం అంచనా కట్టింది.

అపోహ: పేరు వింటేనే తెలిసిపోతుంది, ఏ పరిశోధన పనికొస్తుందో ఏది రాదో.

వాస్తవం: వేడినీటి బుగ్గల్లో ఏ సూక్ష్మజీవులు బతుకుతాయి? ఇంతకన్నా పనికిమాలిన ప్రశ్న ఉండదనిపిస్తుంది. 1966లో అమెరికాలోని ఎల్లోస్టోన్ పార్కులో సూక్ష్మజీవశాస్త్రజ్ఞుడు థామస్ బ్రాక్, ఆయన దగ్గర డిగ్రీ చదువుతున్న హడ్సన్ ఫ్రీజ్ కలిసి ఆ ప్రశ్నతోనే నమూనాలు సేకరించారు. దొరికిన బాక్టీరియాకు 'థర్మస్ అక్వాటికస్' అని పేరు పెట్టి 1969లో ప్రకటించారు. అంత వేడిలోనూ చెడిపోని ఎంజైమ్ దానిలో ఉంది. డీఎన్‌ఏను మళ్లీ మళ్లీ వేడిచేస్తూ లక్షల నకళ్లు తీసే పీసీఆర్ పద్ధతి ప్రపంచమంతా పాకిందంటే ఆ ఎంజైమ్ వల్లే. 2020లో ముక్కులో పుల్ల పెట్టించుకోవడానికి మనమంతా వరుసల్లో నిలబడ్డామే, ఆ ఆర్టీపీసీఆర్ పరీక్షకు మూలం కూడా ఈ పద్ధతే.

గణితంలోనూ ఇలాంటిదే జరిగింది. రామానుజన్‌ను ఇంగ్లండుకు పిలిపించిన జి.హెచ్.హార్డీ, తన సంఖ్యా సిద్ధాంతం లోకానికి ఏ ఉపయోగానికీ రాదని 1940లో తృప్తిగానే రాసుకున్నారు. 1977లో రివెస్ట్, షమీర్, ఎడెల్‌మన్ ప్రధాన సంఖ్యల మీదే ఆధారపడి రహస్య సంకేతాల పద్ధతి ఒకటి కనిపెట్టారు. ఇంటర్నెట్‌లో సమాచారం భద్రంగా వెళ్లడానికి దశాబ్దాలుగా అది ఆసరాగా ఉంది.

అయితే ఇక్కడొక మాట నిజాయితీగా చెప్పుకోవాలి. "ఎప్పటికైనా పనికొస్తుంది" అన్నది కూడా సగం అపోహే. చాలా పరిశోధనల నుంచి మందూ రాదు, యంత్రమూ రాదు. పాలమూరు ప్రాంతంలోని ఉట్నూరులో 1957లో పురావస్తు శాస్త్రజ్ఞుడు ఆల్చిన్ ఒక బూడిదదిబ్బను తవ్వించారు. దక్కన్‌లో ఇలాంటి దిబ్బలు చాలా ఉన్నాయి. ఇవి అగ్నిపర్వతాల బూడిద అని కొందరు, రాక్షసుల్ని కాల్చిన చోట్లని కొందరు ఒకప్పుడు చెప్పుకునేవారు. నిజానికి అవి నవీన శిలాయుగపు పశువుల మందలు నిలిచిన చోట్ల పోగుపడి కాలిన పేడ గుట్టలు. ఉట్నూరులో పశువుల గిట్టల ముద్రలు కూడా బయటపడ్డాయి. తర్వాతి కాలంలో డోరియన్ ఫుల్లర్ వంటి పురావస్తు పరిశోధకులు దక్కన్ నవీన శిలాయుగపు స్థలాల్లోని మట్టిని నీళ్లలో కలిపి, తేలిన మాడిన గింజల్ని సూక్ష్మదర్శినితో పరీక్షించారు. నాలుగు వేల ఏళ్ల కిందట ఇక్కడి జనం ఉలవలు, పెసలు, అండుకొర్రలు తిన్నారని తేలింది. దీనివల్ల ఎవరికీ పేటెంటు రాలేదు. ఈ నేలమీద మన ముందటివాళ్లు ఏం పండించి, ఏం తిని బతికారో తెలియడం చాలదా? నా మట్టుకు నాకు అది చాలు.

అపోహ: పేరున్న జర్నల్‌లో అచ్చయితే ఇక రుజువైపోయినట్టే.

వాస్తవం: ఎంఎంఆర్ టీకాకూ ఆటిజానికీ ముడిపెట్టిన ఆండ్రూ వేక్‌ఫీల్డ్ వ్యాసం 1998లో 'లాన్సెట్'లో వచ్చింది. దానికి ఆధారం పన్నెండు మంది పిల్లలు. పత్రిక దాన్ని పూర్తిగా ఉపసంహరించుకునేసరికి 2010 వచ్చింది. ఈలోగా ఎందరో తల్లిదండ్రులు భయపడి పిల్లలకు టీకా మానేశారు. మనస్తత్వశాస్త్రంలో వంద అధ్యయనాలను మళ్లీ చేసి చూసి 2015లో ఫలితాలు ప్రకటిస్తే, సుమారు మూడో వంతు వాటిలోనే మొదటి ఫలితం మళ్లీ స్పష్టంగా కనిపించింది. ప్రచురణకు ముందు తోటి నిపుణులు చదవడం ఒక జల్లెడ మాత్రమే. అసలు పరీక్ష ఆ తర్వాతే మొదలవుతుంది.

ఇలాంటి వివాదాలన్నీ మోసాల వల్లో పొరపాట్ల వల్లో మాత్రమే వస్తాయనుకోకూడదు. నిజాయితీపరులు కూడా ఏళ్ల తరబడి ఒకరితో ఒకరు విభేదిస్తారు. రాజమండ్రి దగ్గర గోదావరికి ఇరువైపులా నల్లరాతి క్వారీలున్నాయి కదా, ఆ రాయి ఆరున్నర కోట్ల ఏళ్ల నాటి లావా. దుద్దుకూరు, గౌరీపట్నం క్వారీల్లో లావా పొరలతో పాటు కనిపించే సముద్రపు మట్టిలోని అతిసూక్ష్మమైన గవ్వల్ని గెర్టా కెల్లర్ బృందం అధ్యయనం చేసింది. దక్కన్ అగ్నిపర్వతాల ముఖ్యదశ, రాక్షసబల్లులతో పాటు అనేక జీవులు అంతరించిన సమయంలోనే ముగిసిందని, కాబట్టి ఆ వినాశనంలో లావాకూ పాత్ర ఉండవచ్చని 2008లో ప్రకటించింది. అయితే ఉల్కాపాతమే ఆ వినాశనానికి కారణమని భౌతికశాస్త్రజ్ఞుడు లూయిస్ అల్వారెజ్, భూగర్భశాస్త్రజ్ఞుడైన ఆయన కొడుకు వాల్టర్, మరో ఇద్దరు రసాయన శాస్త్రజ్ఞులు 1980లోనే చెప్పి ఉన్నారు. 2010లో 41 మంది శాస్త్రజ్ఞులు కలిసి ఉల్కవైపే మొగ్గు చూపారు. కెల్లర్ ఒప్పుకోలేదు. లావా పాత్ర ఎంత అన్న చర్చ తర్వాత కూడా సాగుతూనే ఉంది.

అపోహ: థీసిస్‌లు బీరువాల్లో మగ్గడానికే. వాటిని రాసినవాళ్లు, దిద్దినవాళ్లు తప్ప ఎవరూ చూడలేరు.

వాస్తవం: ఒకప్పుడు చాలావరకు నిజమే. ఇప్పుడు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం నడిపే 'శోధగంగ'లో దేశంలోని విశ్వవిద్యాలయాల థీసిస్‌లు లక్షల సంఖ్యలో ఉన్నాయి. చదవడానికి రుసుము లేదు. మీ జిల్లా పేరో, మీ వృత్తి పేరో కొట్టి వెతకండి. ఎవరో ఒకరు దాని మీద కొన్నేళ్లు వెచ్చించి ఉండవచ్చు. బాగా రాసినవీ ఉంటాయి, నాసిరకంవీ ఉంటాయి. ముందుగా ఆధారాలు ఎలా సేకరించారో చెప్పే అధ్యాయం తెరిస్తే, ఏది ఏ రకమో చాలావరకు అక్కడే తేలిపోతుంది.