పాత కారు ఇంజిన్ ఆగిపోతోందా? ముందు ఫోన్‌లో చూడండి
కారు నడుస్తూ ఆగిపోతే చాలామంది ముందు బ్యాటరీ మార్చేస్తారు. నేనైతే స్టీరింగ్ కింద ఉండే ఓబీడీ-2 పోర్ట్‌కి బ్లూటూత్ అడాప్టర్ పెట్టి, ఫోన్ యాప్‌లో చూస్తా.

మా 2014 మోడల్ పెట్రోల్ కారు వేడెక్కాకే ఆగేది, చల్లారితే స్టార్ట్ అయ్యేది. సెల్ఫ్ కొడుతున్నా యాప్‌లో ఆర్‌పీఎం సున్నానే! కోడ్ పీ0335. అంటే క్రాంక్‌షాఫ్ట్ పొజిషన్ సెన్సర్ సర్క్యూట్‌లో తేడా. ఆ సిగ్నల్ లేకపోతే స్పార్క్ ఎప్పుడివ్వాలో ఈసీయూకి తెలీదు. అలాగని వెంటనే సెన్సర్ కొనకండి, ముందు వైరింగ్, కనెక్టర్ చూడండి.

ఐడిల్‌లోనే ఆగితే థ్రాటిల్ బాడీలో మసి ఉందేమో చూడాలి. ఎత్తు ఎక్కేటప్పుడు కుదుపులతో ఆగితే ఫ్యూయల్ ప్రెషర్ చెక్ చేయించాలి.

ఒక్క జాగ్రత్త: ఇంజిన్ ఆగితే బ్రేక్ పెడల్ గట్టిపడుతుంది. అందుకే డ్రైవింగ్‌లో లైవ్ డేటా చూసే పని పక్క సీట్లోవాళ్లకే ఇవ్వండి.