మళ్ళీ పలక పట్టాను

నలభై ఎనిమిదో ఏట నేను మళ్ళీ పలక పట్టాను. ఈ మాట నేనన్నది కాదు, మా అత్తగారన్నది. అట్టపెట్టె విప్పి, సన్నగా వెడల్పుగా ఉన్న ఆ వస్తువును బయటికి తీయగానే ఆవిడ కళ్ళజోడు సవరించుకుని చూచి, "పలకే గదుటే! మళ్ళీ ఓనమాలు దిద్దుతావా ఏం?" అన్నారు. మావారు పేపరు చాటునుంచి, "ఫ్రిజ్జు కొందామని పాడిన చీటీ డబ్బమ్మా అది!" అని అందించారు. ఇంట్లో ఎవరి బాధ వారిది.

నా బాధ చెబుతాను, వినండి. పిల్ల చదువు ఒక దరికి వచ్చింది గదా అని దూరవిద్యలో ఎమ్మే తెలుగుకు కట్టాను. చదవవలసిన పాత వ్యాకరణాలూ నిఘంటువులూ చాలావరకు స్కాను చేసిన పీడీఎఫులుగానే దొరుకుతాయి. మామూలు ఈ-పుస్తకంలో అక్షరాన్ని పెద్దది చేస్తే పంక్తులు వాటంతటవే సర్దుకుంటాయి. స్కాను పుట అలా కాదు, అది ఫొటో. పెద్దది చేశామా, అంచులు దాటిపోతుంది. పంక్తి మొదలు కనిపిస్తే చివర కనిపించదు. పైగా మన అక్షరం అంతస్తుల మేడ: పైన గుడి, కింద ఒత్తు, ఆ ఒత్తుకు తోడు ఒక్కొక్కచోట మరో ఒత్తు. ఇక అరసున్న సంగతి అడగకండి. సెల్‌ఫోనులో అది అరసున్నో, పాతకాగితం మీది మచ్చో పోల్చుకోలేక ఎన్ని రాత్రులు కళ్ళు నులుముకున్నానో! అరసున్న ఉంటే 'ఏఁడు' సంవత్సరం. లేకపోతే 'ఏడు' వట్టి అంకె. వ్యాకరణం చదివేవాళ్ళకు ఇది చిన్న సంగతి కాదు. పోనీ కంప్యూటరు ముందు కూర్చుందామంటే గంట తిరిగేసరికి కళ్ళవెంట నీళ్ళు.

అప్పుడు మా అమ్మాయి ఈ-ఇంకు పలక మాట చెప్పింది. డబ్బు పోసేముందు అదేమిటో కొంత తెలుసుకున్నాను. ఫోను తెర వెలుగుతుంది; ఈ తెర వెలగదు. దీనిలో ఇంచుమించు వెంట్రుక మందాన ఉండే బుడగలు లెక్కలేనన్ని ఒక పొరగా పరచి ఉంటాయి. ప్రతి బుడగలోనూ తేటద్రవం, అందులో తెల్లరేణువులూ నల్లరేణువులూ. వాటి విద్యుదావేశాలు ఒకదానికొకటి వ్యతిరేకం. అడుగునుంచి కరెంటు ఒకవిధంగా తగిలితే తెల్లవి పైకి తేలతాయి, మరోవిధంగా తగిలితే నల్లవి. తేలినవి కరెంటు తీసేసినా అక్కడే ఉంటాయి. అందుచేత పుట తిప్పినప్పుడే గాని చదువుతున్నంతసేపూ తెరకు ఖర్చు లేదు. అమెరికాలో ఎమ్.ఐ.టి.లో జోసెఫ్ జేకబ్సన్, ఆయన శిష్యులు ఈ సిరాను తయారుచేశారు. దానికోసం 1997లో కంపెనీ పెట్టారు. 2004లో సోనీవారు జపానులోనూ, 2007లో అమెజాన్‌వారు కిండిల్ పేరుతో అమెరికాలోనూ ఈ తెరలతో చదువు యంత్రాలు అమ్మారు. అవి ఆరంగుళాలవి, నవలలకు బాగు. నేను కొన్నది 13.3 అంగుళాలది, అంటే దాదాపు ఏ-4 కాగితమంత. పుట యావత్తూ ఒక్కసారే కనబడుతుంది, అరసున్నలతో సహా! అరుగుమీద ఎండపొడలో కూర్చుంటే మరీ బాగా కనబడుతుంది. తోడుగా ఒక కలం. దానికి బాటరీ లేదు. తెర వెనక ఉన్న సన్నని తీగల అల్లికే దానికి శక్తినిస్తుంది.

ఇంకేం! మూడు నెలలు నా వైభవం చూడవలసిందే. తెరను రెండుగా చేసి ఒకవైపు పుస్తకం, ఒకవైపు నోటు పెట్టుకుని, ఇటు చూచి అటు దింపాను. గీతలు గీశాను. నక్షత్రాలు పెట్టాను. పుటలకు పుటలు కత్తిరించి అతికించాను. పద్నాలుగు నోటుపుస్తకాలు నిండాయి, అన్నీ అరకిలో బరువున్న ఒక్క పలకలోనే. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ తిప్పితిప్పి చూపించాను.

పరీక్ష వచ్చింది. వ్యాకరణం పేపరులో సంధులమీద ప్రశ్న. ఆ సూత్రం ఎడమవైపు పుటలో పైమూల ఉందనీ, కింద జంటగీత గీశాననీ, పక్కన నక్షత్రం పెట్టాననీ జ్ఞాపకమే. సూత్రం మాత్రం రాదు! దానికి తోడు మామూలు కాగితంమీద మామూలు పెన్నుతో మూడు గంటలు వ్రాసే అలవాటు తప్పి, గంటన్నరకే వేళ్ళు కొంకర్లు పోయాయి. ఆ పేపరు పోయింది.

మావారు ఒక్క మాట అనలేదు. ఆ రాత్రి పాత ఫ్రిజ్జే కాస్త గట్టిగా గురగురమంది.

దారి చూపించింది మా అత్తగారే. "మా పంతులుగారు పలకమీద వ్రాసింది తుడిపించి, మళ్ళీ వ్రాయించేవారమ్మాయ్. చెరిగితేగాని చేతికి రాదనేవారు. నువ్వు ఒక్కనాడూ తుడిచినట్టు నేను చూడలేదే!" అన్నారు.

ఆ మాట పట్టుకుని చూస్తే విషయం విడిపోయింది. 2014లో అమెరికాలో మ్యూలర్, ఒపెన్‌హైమర్ అనే ఇద్దరు ఒక పరిశోధన ప్రకటించారు. టైపు చేసుకునే విద్యార్థులు విన్నది విన్నట్టు దింపేస్తారు. చేత్తో వ్రాసేవాళ్ళు వేగం చాలక తమ మాటల్లోకి కుదించుకుంటారు. అందువల్ల వాళ్ళకు అర్థం బాగా పడుతుందన్నారు. 2019లో మరికొందరు తిరిగి చేసి చూస్తే అంత గట్టి తేడా కనబడలేదు. నా అనుభవంలోనూ మహత్తంతా కలంలోనే లేదు. నేను చేత్తో వ్రాసిందీ నకలే గదా! బుర్రలో నలగకుండా చేతిలోంచి జారిపోయింది ఎందులో ఉన్నా ఒకటే.

ఇప్పుడు పద్ధతి మార్చాను. రెండు పుటలు చదివి పుస్తకం మూసేస్తాను. ఖాళీపుట తెరిచి, వచ్చినంతా నా మాటల్లో వ్రాస్తాను. పుస్తకం తెరిచి తప్పులు చూచుకుని, అంతా తుడిచేస్తాను. మర్నాడు పొద్దున్నే మళ్ళీ వ్రాస్తాను. తప్పు లేకుండా వచ్చిందే నోటుగా ఉంచుకుంటాను. ఆదివారంనాడు వాటి నకలు కంప్యూటరులో దాచి, మూడు గంటలు తెల్లకాగితంమీద వ్రాస్తాను.

కొనబోయేవాళ్ళకు దీని లోపాలూ చెప్పాలి. పుట తిరగడం నిదానం. వెనకటి పుట నీడ ఒక్కొక్కప్పుడు తెరమీద మిగిలిపోతుంది. నాదానికి రంగులు లేవు, దీపం లేదు. నా తెలుగు చేతివ్రాత దానికి అర్థం కాదు, వెతకమంటే వెతకలేదు. విషయసూచిక నేనే వ్రాసుకుంటాను. వెడల్పాటి పుటలున్న పుస్తకాలూ, స్కానులూ రోజూ చదవవలసినవాళ్ళకు ఇది ఖర్చుకు తగ్గ వస్తువే. కథలకూ నవలలకూ ఇంతది అక్కరలేదు. వట్టి నోట్సుకయితే రెండువందల పేజీల పుస్తకం చాలు.

మొన్న ఫలితాలు వచ్చాయి. వ్యాకరణం గట్టెక్కింది. మా అత్తగారు విని, "అయితే ఇవాళ తుడిచావా?" అన్నారు. మావారు మాత్రం కొత్త చీటీ కట్టారు. అది ఫ్రిజ్జుకేనని నాచేత అందరి ఎదుటా ముందే చెప్పించుకున్నారు.