టర్బో పెడితే బలం ఎంత పెరుగుతుంది?

అమెరికాలోని రాకీ పర్వతాల్లో మంచు మీద పరుగెత్తే స్నోమొబైల్ ఎత్తుకు వెళ్లేకొద్దీ నీరసపడుతుంది. కారణం పెట్రోలు కాదు, గాలి. సముద్రమట్టంలో గాలి చదరపు అంగుళం మీద 14.7 పౌండ్ల బలంతో నొక్కుతుంది. 8,000 అడుగుల ఎత్తున అది దాదాపు 10.9 పౌండ్లే. ఇంజిన్ బలం అది పీల్చే గాలిని బట్టి ఉంటుంది కదా! అందుకే కింద 165 హార్స్‌పవర్ ఇచ్చే ఇంజిన్ పైన సుమారు 122 మాత్రమే ఇస్తుంది. 165ని 10.9తో గుణించి 14.7తో భాగించి చూడండి. తగ్గిన 3.8 పౌండ్లను, గాలిని నొక్కి ఇంజిన్‌లోకి పంపే టర్బో పూడిస్తే లెక్క ప్రకారం మళ్లీ 165. స్నోమొబైల్ బ్రాండ్ స్కీ-డూ 2020 మోడల్‌గా తెచ్చిన 850 ఈ-టెక్ టర్బో 8,000 అడుగుల దాకా నిలబెడతానన్నది సరిగ్గా ఆ 165నే.

మరి ఒత్తిడి రెట్టింపు చేస్తే బలమూ రెట్టింపవుతుందా? అంత సులువు కాదు. సైకిలుకు గాలి కొట్టాక పంపు అడుగున తాకి చూడండి, వెచ్చగా తగులుతుంది. నొక్కిన గాలి వేడెక్కుతుంది; వేడిగాలిలో, ఒత్తిడి అంతే ఉన్నా, ఆక్సిజన్ తక్కువ. ఈ 850 లాంటి టూ స్ట్రోక్ ఇంజిన్‌లో ఇంకో చిక్కుంది. గాలి వచ్చే దారి, పొగ పోయే దారి కాసేపు రెండూ తెరిచే ఉంటాయి కాబట్టి కొత్త గాలి కొంత జారిపోతుంది. పొగగొట్టంలో వెనక్కి తిరిగొచ్చే పీడన తరంగం దాన్ని మళ్లీ లోపలికి నెడుతుంది, కానీ టర్బో చక్రం అడ్డొస్తే ఆ పొందిక మారిపోతుంది. అయినా ఈ లెక్క వృథా కాదు. ఎవరైనా ఇంతకు మించి చెబితే ఆధారం అడగండి. అసలు అంకె తేల్చేది ఇంజిన్ బలాన్ని కొలిచే డైనమోమీటరే.